పచ్చ బటను నొక్కి పట్టుకున్న మామ

టీ చెప్పండి ముందు, మల్ల చెప్తా. పోయిన ఆదివారం వేముల పక్కన ఒగ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే తోటలన్నిటికీ పొద్దున చుక్క నీళ్లు పారలేదు. ఎవురో తీగలు కత్తిరించుకోని పోయినారేమో అనుకుంటాండారా? కాదు. ఆ ఘనకార్యం చేసింది మీ ముందర కూచ్చోని బన్ను నములుతాండే నేనే. అది గూడా ట్రాన్స్‌ఫార్మర్ దరిదాపులకు పోకుండా. కంప్యూటర్లో ఒగ బటను బొమ్మ శానా బాగా పెట్టినందుకు.

నవ్వండి, నవ్వండి. మా ఆవిడ బిందు ఆదివారం నుంచి నవ్వుతానే ఉంది.

మొదటి నుంచి చెప్తా. మా మామకు, అంటే బిందు వాళ్ల నాయనకు, వేముల పక్కన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. ఇల్లు తోటకు ఈ చివర, బోరు ఆ చివర. మధ్యలో బాగా నడవాల. చేన్లకు త్రీఫేజు కరెంటు ఎప్పుడిస్తే అప్పుడే గదా మోటారు ఎయ్యాల. ఈ వారం పొద్దున ఇస్తారు, ఇంగో వారం మధ్యాన్నం ఇస్తారు. కరెంటు వస్తానే మామ టవలు భుజాన ఏసుకోని బోరు కాడికి పోతాడు, స్టార్టరు డబ్బా తెరిచి పచ్చ బటను నొక్కుతాడు, నీళ్లు పడేది కండ్లతో చూసి ఇంటికొస్తాడు. నేను అల్లుడు కాకముందు నుంచీ ఇదే పని. పోయిన నెల ఆ దోవలోనే డ్రిప్పు పైపు మీద కాలు జారి పడినాడు. మడమ పైన ఎముక ఇరిగింది.

ఈడ ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కట్టు కట్టించి, అత్తను మామను మా ఇంటికే తెచ్చుకున్నాం. కాలు కింద పెట్టొద్దని డాక్టరు చెప్పినాడు. మామ సరే అన్నాడు. ఆ సరే ఇల్లు చేరే దాకా గూడా నిలబడలేదు.

"చెట్లు పిందె మీద ఉండాయి," అంటాడు. పొద్దున లేస్తే అదే మాట. చీనీ చెట్టు పిందె మీద ఉన్నప్పుడు నీళ్లు తప్పితే పిందెంతా రాలిపోతాది, ఆ ఏటికి కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే. పక్క తోట గంగన్న మోటారు ఏస్తానన్నాడు, ఏస్తాండాడు గూడా. కానీ ఆయనకూ తన తోట ఉంది గదా, ఒగపూట ఏస్తే ఇంగో పూట మరుస్తాండాడు. మామ మంచం మీద ఫోను చెవికి అంటించుకోని ఉంటాడు. "గంగన్నా, కరెంటొచ్చినాదా? మోటారు ఏసినావా? ఏసినాక నీళ్లు చూసినావా?" ఆయప్ప ఫోను ఎత్తేది మానేసినాడు.

ఒగరోజు నేను ఆఫీసు మీటింగులో ఉంటే హాల్లో టకటకమని శబ్దం. పోయి చూస్తే మామ చేతికర్ర పట్టుకోని, ఒంటికాలి మీద, చెప్పులు ఎతుకుతాండాడు.

"యాడికి మామా?"

"బస్టాండుకు."

అత్త వాకిలికి అడ్డం కూచ్చునింది. ఆమె ఏడుస్తాండాది, ఆయన తిడ్తాండాడు, మీటింగులో మా మేనేజరు హలో హలో అంటాండాడు. అప్పుడు నా నోట్లో నుంచి వచ్చిందప్పా ఆ మాట. "మామా, నువ్వు మంచం దిగాల్సిన పనే లేకుండా చేస్తా. తోట కాడ మీ ఇంట్లోనే మంచం పక్కన స్క్రీను పెడ్తా. నువ్వు పడుకోని స్క్రీను మీద నొక్కితే, బోరు కాడ మోటారు ఎత్తుకుంటాది."

మామ చెప్పులు ఎతికేది ఆపి నన్ను చూసినాడు. పెండ్లయినప్పటి నుంచి ఆయన నన్ను స్టార్టరు డబ్బా ముట్టుకోనిచ్చిందే లేదు. నేను బోరు కాడికి పోతే, "నువ్వు పక్కకు జరుగు నాయనా, షాకు కొడ్తాది" అంటాడు, చిన్నపిల్లోడికి చెప్పినట్టు. నాకు ఆ సంగతి మనసులో ఉంది, లేదని చెప్పను.

"నీతో అవుతాదా?" అన్నాడు.

"అవుతాది," అన్నా.

మీరు ఇప్పుడు ఏం అడుగుతారో తెలుసు. ఫోనుతో నడిచే స్టార్టర్లు అమ్ముతారు గదా, ఒగటి కొని తగిలించొచ్చు గదా అని. బిందు గూడా అదే అడిగింది. ఆమెకు చెప్పిన కారణం, బోరు కాడ సిగ్నలు రాదని. అది నిజమే. కానీ అసలు కారణం వేరే. నేను శానా దినాల నుంచి ఒగ కొత్త ప్రోగ్రామింగు లాంగ్వేజీ నేర్చుకుంటాండా. పేరు చెప్పినా మీకు తెలీదు, మా ఆఫీసులోనే ఎవురికీ తెలీదు. వయసు చూస్తే మా పాప కంటే కొంచెం పెద్ద, అంతే. ఆఫీసులో రాసేదేమో మా నాయన పెండ్లినాటి లాంగ్వేజీ. దాంట్లో రాసి రాసి విసుగొచ్చింది. ఈ కొత్తదాంట్లో సొంతంగా ఒగటన్నా రాసి, ఎవురన్నా నిజంగా వాడతాంటే చూడాలని కోరిక. నాకు పని యాడ దొరుకుతాదా అని చూస్తాంటే మామకు కాలు ఇరిగింది.

లాంగ్వేజీ ఒగటి ఉంటే సాలదు. స్క్రీను మీద కిటికీ, బటన్లు, అక్షరాలు గీసిపెట్టే సామాను వేరేగా కావాల. దాన్ని టూల్‌కిట్ అంటారు. పాత లాంగ్వేజీలకైతే పాతుకుపోయిన టూల్‌కిట్లు ఉంటాయి, కండ్లు మూసుకోని ఒగటి తీసుకోవచ్చు. కొత్త లాంగ్వేజీకి అట్ల గాదు. నాకు దొరికినవి మూడు, మూడింటికీ ఏదో ఒగ వంక.

జమ్మలమడుగులో ఇలియాస్ ఉండాడు. నాతో పాలిటెక్నిక్ చదివినాడు, ఆడ కంప్యూటరు రిపేరు, సీసీ కెమెరాల అంగడి పెట్టుకున్నాడు. వైర్ల పని వాడు చేస్తానన్నాడు. మంచం కాడికి అరచేతంత కంప్యూటరు బోర్డు, దానికి టచ్ స్క్రీను. బోరు కాడికి ఒగ డబ్బా. స్క్రీను మీద నొక్కితే ఆ డబ్బా స్టార్టరును ఆడిస్తాది. మధ్యలో వైర్‌లెస్సు, దానికి ఫోను సిగ్నలుతో పని లేదు. వాడి పని వాడు వారం తిరక్కముందే చేసిపెట్టినాడు. నేను మాత్రం టూల్‌కిట్ కాడే కూచ్చున్నా.

మొదటిది ముసలి టూల్‌కిట్. ఇంగో లాంగ్వేజీ కోసం పుట్టింది, మన లాంగ్వేజీకి ఎవురో తొడుగు ఏసినారు. మంచిదే, ఏండ్లుగా నిలబడింది. కానీ ఎక్కించనీకి కూచ్చుంటే అది ముందు ఇంగో ప్రోగ్రాము ఎక్కించమంటాది, ఆ ప్రోగ్రాము ఇంగోటి అడుగుతాది. నా లాప్‌టాప్‌లో ఎక్కించనీకే ఒగ మధ్యాన్నం పోయింది. రెండోది కడుపులో బ్రౌజరు పెట్టుకోని తిరుగుతాది. ఒగ బటను చూపించనీకి బ్రౌజరంతా లేపాల. ఇలియాస్ బోర్డు మీద ఏసి చూస్తే, అది ఆయాసపడి ఆడే నిలబడిపోయింది.

మూడోది చూసినా. అంతే, ఇంగ కన్ను పక్కకు పోలేదు. మొత్తం ఆ కొత్త లాంగ్వేజీలోనే రాసినారు. చిన్నది, ఒగ నిమిషంలో ఎక్కింది. బటన్లు గుండ్రంగా, నీడ పడి, నొక్కితే లోపలికి పోయినట్టు కనపడ్తాయి. ఎట్ల వాడాలో చెప్పే పేజీల్లో సగానికి పైగా 'త్వరలో రాస్తాం' అని ఉండాది. అది గూడా నాకు ముద్దుగానే కనపడింది.

"ముసలిదే ఎయ్యప్పా," అన్నాడు ఇలియాస్ ఫోన్లో. "బరువైతే ఏమాయె? ఒగసారి ఎక్కిస్తే పడుంటాది. ఉండేది ఒగ బటను, దానికి ఇంత అందం ఎందుకు?"

"నీకు తెలీదులే," అన్నా.

అత్త అప్పుడు హాల్లో కూచ్చోని చెనిక్కాయలు ఒలుస్తాండాది. నేను ఇంత సేపు దేన్ని చూసి మురిసిపోతాండానో అని అడిగింది. చెప్పినా. మూడు ఉండాయత్తా, ఈ మూడోది బాగుంది అని. ఆమె సంబంధం ఇచారించినట్టే ఇచారించింది.

"చూసుకునేవాళ్లు ఎంతమంది?"

"ఒగడే అత్తా. ఆయప్పే రాసినాడు, ఆయప్పే చూసుకుంటాడు."

"యాడుంటాడు?"

"తెలీదు. ఏదో దేశం."

"ఆయనకు జొరమొస్తే ఎట్ల అల్లుడా?"

"ఏమీ రాదులే అత్తా," అన్నా.

అత్త చెనిక్కాయలు ఒలిచేది ఆపలేదు గానీ, ముసలిదాని గురించి ఇంగోసారి అడిగింది. నేను వినలేదు.

సరే, రాయనీకి కూచ్చున్నా. మొదటి రోజే ఒగ దెబ్బ. మూడో టూల్‌కిట్‌కు తెలుగు రాదు. 'మోటారు' వరకు ఎట్లనో వచ్చింది గానీ, ఒత్తులు కింద పడకుండా పక్కన పోయి కూచ్చుంటాండాయి. మామకు ఇంగ్లీషు ఎయ్యలేం. తెలివైనోడు అప్పుడు ముసలి టూల్‌కిట్ తీసుకుంటాడు. నేనేం చేసినానంటే, అసలు అక్షరాలే ఎందుకు, బొమ్మలు పెడ్తా అనుకున్నా. గంగన్నకు చెప్పి బోరు కాడి స్టార్టరు డబ్బాను ఫోటో తీయించి తెప్పించుకున్నా. దాంట్లో నుంచి పచ్చ బటను, ఎర్ర బటను కత్తిరించి స్క్రీను మీద పెట్టినా. మోటారు ఆగి ఉంటే పచ్చది కనపడ్తాది. నొక్కితే మోటారు ఎత్తుకోని, అదే తావులో ఎర్రది వస్తాది. మల్ల నొక్కితే ఆగి, పచ్చది వస్తాది. మోటారు నడుస్తాంటే పక్కన నీళ్లు పడే కొళాయి బొమ్మ. పచ్చ బటను చుట్టూ తుప్పు, దాని మీద మామ బొటనవేలి మసి మరక గూడా అట్లే పెట్టినా. చూసి నాకే ముచ్చటేసింది.

అప్పుడు రెండో దెబ్బ. ఒగసారి నొక్కితే మూడు నాలుగు సార్లు నొక్కినట్టు లెక్క తీసుకుంటాంది. పచ్చ, ఎర్ర, పచ్చ, ఎర్ర. ఎందుకో ఎతికినా. ఈ టూల్‌కిట్ పద్ధతి ఏందంటే, కన్ను మూసి తెరిచే లోపల స్క్రీనంతా ఎన్నోసార్లు మల్ల మల్ల గీస్తాది. గీసిన ప్రతిసారీ 'ఏలు బటను మీద ఉందా?' అని చూస్తాది. ఉంటే నొక్కినట్టే. అక్షరాల బటన్లకైతే ఏలు తీసినాక ఒగేసారి లెక్క తీసుకునే ఏర్పాటు ఉంది. బొమ్మ బటన్లకు లేదు. ఆ పేజీ తెరిచి చూస్తే 'త్వరలో రాస్తాం'.

నేను ఒగ చిన్న అతుకు ఏసినా. ఒగసారి నొక్కుడు అందినాక, ఒగ సెకను దాకా చెవులు మూసుకో అని రాసినా. ఆ లోపల ఎవురైనా ఏలు తీసేస్తారు గదా. నా ఏలితో నొక్కినా, బిందు ఏలితో నొక్కించినా, పాప చేత గూడా నొక్కించినా. బ్రహ్మాండంగా పనిచేసింది. ఒగ సెకను కంటే ఎక్కువసేపు బటను పట్టుకోని కూచ్చునేవాడు ఈ లోకంలో యాడుంటాడు అనుకున్నా.

"మామతో గూడా ఒగసారి నొక్కించు," అన్నాడు ఇలియాస్.

మామ పక్క గదిలోనే ఉండాడు. నడిచి పోతే పది అడుగులు గూడా లేదు. కానీ నాకు ఏం ఆశ అంటే, ఆడ, తోటలో, ఆయన మొదటిసారి నొక్కితే తొట్లో నీళ్లు దబదబా పడాల, ఆయన నా పక్క చూడాల. ముందే చూపిస్తే ఆ సరదా పోతాది. "అక్కరలేదులే," అన్నా.

శనివారం అందరం వేములకు కార్లో బయల్దేరినాం. వెనక మామ కాలు చాపుకోని, ఆ కాలు అత్త ఒళ్లో, ఒగ మూల బిందు పాపను పట్టుకోని. జమ్మలమడుగులో ఇలియాస్ డబ్బాలతో ముందర ఎక్కినాడు. ముద్దనూరు దాటినాక మామ కిటికీలో నుంచి ఎవురి చెట్లు ఎట్లుండాయో చూస్తానే వచ్చినాడు. పులివెందులలో టీకి ఆపుదామంటే వద్దన్నాడు. సాయంత్రానికి నేను మంచం పక్కన స్క్రీను బిగించినా, ఇలియాస్ బోరు కాడ డబ్బా బిగించినాడు.

ఆదివారం పొద్దున కరెంటు టైము. ఇలియాస్ బోరు కాడికి పోయినాడు. ఇంట్లో అందరం మంచం చుట్టూ నిలబడినాం. అత్త కుంకుమ తెచ్చింది. "స్క్రీను మీద వద్దత్తా, అంచున పెట్టు" అంటే అంచున పెట్టింది. ఇంటి ముందర తొట్టి ఉంది, బోరు నుంచి వచ్చే పైపు నోరు దాంట్లోనే. మంచం మీద నుంచి వాకిట్లో తొట్టి కనపడ్తాది. అన్నీ కుదిరినాయి.

మామ స్క్రీను చూసినాడు. తల దగ్గరికి పెట్టి ఇంగోసారి చూసినాడు.

"అచ్చం మన స్టార్టరే," అన్నాడు. "నా ఏలి మరక గూడా ఉందే."

నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్పలేను. "నొక్కు మామా," అన్నా.

మామ పంచె అంచుతో బొటనవేలు తుడుచుకున్నాడు. పచ్చ బటను మీద పెట్టినాడు. నొక్కినాడు. తొట్లో నీళ్లు దబ్బున పడినాయి. నేను మామ మొగం చూసినా. ఆయన నా పక్క చూడలేదు. ఏలు తీయలేదు.

నీళ్లు ఆగినాయి.

"ఏలు తియ్యి మామా."

"ఉండు. ఇంగా పట్టుకోలేదు."

అప్పుడు అర్థమయ్యిందప్పా నాకు. పాత స్టార్టర్లకు పచ్చ బటను నొక్కి పట్టుకోవాల. మోటారు గట్టిగా ఎత్తుకునే దాకా ఏలు తీయకూడదు, తీస్తే ఆగిపోతాది. ఈయన ఒంట్లో అది పాతుకుపోయింది. నేనేమో అచ్చం ఆ బటనునే తెచ్చి, మరకతో సహా, ఆయన ముందర పెట్టినా. ఆయన ఏలు పెట్టి పట్టుకున్నాడు. నా ప్రోగ్రామేమో ఒగ సెకను చెవులు మూసుకుంటాది, తెరుస్తాది, ఏలు బటను మీద ఉందా అని చూస్తాది, ఉంది, ఇంగోసారి నొక్కినారు అనుకుంటాది. ఏస్తాది, ఆపుతాది, ఏస్తాది, ఆపుతాది. నీళ్లు దబ్బున పడ్తాయి, ఆగుతాయి. ఆగేకొద్దీ మామ, "చూడు, పట్టుకోలేదు," అని ఇంగా గట్టిగా నొక్కుతాడు.

"మామా, తియ్యి, నువ్వు పట్టుకున్నందుకే ఆగుతాంది."

"మోటారు ఎట్ల ఎయ్యాలో నాకు నేర్పుతావా నువ్వు?"

బిందు, "నాయనా, ఆయన చెప్పేది విను," అంటాంది. అత్త, "తియ్యి తియ్యి అంటాండాడు గదా," అంటాంది. నేను ఆయన చెయ్యి పట్టుకోని లాగుదామా అంటే, ఇరిగిన కాలు మనిషి, మంచం అంచున ఉండాడు. వాకిట్లో నుంచి చూస్తే, తోట ఆ చివర నుంచి ఇలియాస్ రెండు చేతులూ పైకెత్తి ఊపుకుంటా పరిగెత్తి వస్తాండాడు. బోరు కాడ సిగ్నలు లేదు గదా, ఫోను ఎట్ల చేస్తాడు, పాపం.

మామ వాడిని చూసి, "చూడు, నీళ్లు పారినాయని చెప్తాండాడు. ఇంగ కొంచెం పట్టుకుంటే నిలబడ్తాది," అన్నాడు.

కరెంటు వచ్చిన టైములో చుట్టుపక్కల మోటార్లన్నీ ఒగేసారి ఎత్తుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ అప్పటికే మూలుగుతా ఉంటాది. దాని మీద మా మోటారు ఇట్ల ఎగిరెగిరి పడ్తాంటే అది మాత్రం ఎంతసేపు ఓర్చుకుంటాది? దూరంగా ఢామ్మని శబ్దం. అంతే. మా మోటారు ఆగింది, గంగన్న మోటారు ఆగింది, ఆ చుట్టు ఉండే తోటలన్నిటి మోటార్లూ ఆగినాయి. ఉన్నట్టుండి ఊరంతా నిశ్శబ్దం.

స్క్రీను మాత్రం ఆగలేదు. కరెంటు పోయినా ఆగకూడదని ఇలియాస్ దానికి బ్యాటరీ పెట్టినాడు. ఎర్ర బటను ఎలుగుతాంది, దాని పక్కన కొళాయి బొమ్మలో నీళ్లు పడ్తానే ఉండాయి.

ఢామ్మన్నప్పుడే మామ ఏలు తీసేసినాడు. కొళాయి బొమ్మను చూసి, "ఇప్పుడు పట్టుకునింది," అన్నాడు.

ఆ మాటకే బిందు మొదలుపెట్టిన నవ్వు ఇంగా ఆగలేదు.

కొంచెం సేపటికి బైకులు వచ్చినాయి. గంగన్న, ఆయన వెనక ఇంగో నలుగురు. ఇలియాస్ అప్పుడే వచ్చి వాకిట్లో కూలబడి, ఆయాసపడ్తాండాడు. "ఎవురు ఆ మోటారు ఆడించింది?" అన్నాడు గంగన్న. "మేమంతా విన్నాం. ఏస్తారు, ఆపుతారు, ఏస్తారు, ఆపుతారు. పిల్లకాయలు ఎవురన్నా డబ్బా తెరిచినారా?"

నేను నోరు తెరిచినా. ఆ నలుగురూ నా పక్కే చూస్తాండారు, అల్లుడు ప్రొద్దుటూరు నుంచి ఏదో మిషను తెచ్చినాడని శనివారమే తెలిసిపోయింది గదా.

"నేనే," అన్నాడు మామ. "కొత్త మిషను. నాకు నొక్కడం తెలీలేదు."

మోటారు నొక్కడం తెలీదని ఆయన నోటితో చెప్పింది అదే మొదలు. "సరేలే, నీ కాలు ఎట్లుంది," అని గంగన్న అడిగి, ఫోను తీసి లైన్‌మన్‌కు చెయ్యనీకి, సిగ్నలు కోసం, మా మిద్దె ఎక్కినాడు. నాకు మాత్రం వాళ్లు నిలబెట్టి తిట్టింటే బాగుండు అనిపించింది. సిగ్గుతో స్క్రీను వెనక పోయి, వైర్లు సరిచేస్తాండేట్టు నిలబడినా.

లైన్‌మన్ వచ్చి ఫ్యూజు ఏసే లోపల మా కరెంటు టైము అయిపోయింది. ఆ రోజుకు నీళ్లు లేవు. మామ మంచం మీద నుంచి వాకిట్లో ఖాళీ తొట్టి పక్క చూస్తా ఉండాడు. సాయంత్రం మాత్రం, "బొమ్మ బాగా ఏసినావులే," అన్నాడు.

మర్నాడు పొద్దున కరెంటు వచ్చింది. నేను ప్రోగ్రాము సరిచేస్తాండా, ఇంగా కాలేదు. చూస్తే మామ గోడ పట్టుకోని లేస్తాండాడు, చేతికర్ర కోసం చెయ్యి చాపినాడు. ఏదైతే జరగకూడదని ఇంత గలాట చేసినామో, అది కండ్ల ముందర జరగబోతాంది. నేను పోయి కర్ర లాక్కున్నా.

"నేను పోతా మామా."

"నీకు తెలీదు."

"నొక్కేదే గదా."

"పట్టుకోవాల," అన్నాడు. అని, కర్ర వదిలినాడు. స్టార్టరు ముట్టుకోమని ఆయన నాకు చెప్పింది అట్ల.

చీనీ చెట్ల మధ్యలో నడుచుకుంటా పోయినా. డబ్బా తెరిచినా. అచ్చం నా స్క్రీను మాదిరే ఉంది, మరక గూడా. భయంతో ఏలు పెట్టి ఎంటనే తీసేసినా. మోటారు ఎత్తుకునింది. నిలబడింది గూడా. నేను పట్టుకోలేదు, ఏమీ చెయ్యలేదు. నీళ్లు హాయిగా పోతాండాయి.

ఇంటికి వచ్చి చెప్పినా. "మామా, ఈ స్టార్టరుకు పట్టుకునే పనే లేదు. తగిలితే సాలు, ఎత్తుకుంటాది."

"తెలుసు," అన్నాడు మామ. "పాతది మార్చి శానా ఏండ్లయింది."

"మల్ల ఎందుకు పట్టుకుంటావు?"

"పట్టుకోకపోతే నాకు నమ్మకం రాదు."

కోపమొచ్చింది నాకు. లాప్‌టాప్ తీసుకోని మిద్దె ఎక్కినా, సిగ్నలు ఆడే గదా వస్తాది. టూల్‌కిట్ రాసినాయప్పకు జరిగిందంతా రాయనీకి కూచ్చున్నా. బిందు టీ తెచ్చి నా వెనకే నిలబడింది. కొంచెం సేపు చూసి, "ఒగసారి కొడ్తే సేవ్ కాదా అది?" అనింది.

"అవుతాది."

"మల్ల ప్రతి లైనుకూ ఐదుసార్లు ఎందుకు కొడ్తాండావు?"

నేను టీ తాగినా.

మర్నాడు ఆయప్ప నుంచి జవాబు వచ్చింది. మంచి సంగతి పట్టినావు, బొమ్మ బటన్లకు ఏలు తీసినాక లెక్క తీసుకునే ఏర్పాటు రాయాలని నేనూ అనుకుంటానే ఉండా, నాకు ఈ మధ్య తీరిక లేదు, నీకు ఇష్టముంటే ఈ టూల్‌కిట్ మొత్తం నువ్వే చూసుకుంటావా అని. ఇలియాస్‌కు ఫోను చేసి చెప్పినా. "ముసలిదే ఎయ్యప్పా అంటి గదా," అన్నాడు.

ఆ టూల్‌కిట్ ఇప్పుడు నాదే. దాన్ని బాగు చేసే దాకా స్క్రీను గోడకు ఆనిచ్చి పెట్టినాం, దాని మీద అత్త టవలు ఆరేస్తాంది. నేను ప్రొద్దుటూరు వచ్చింది బట్టలు తీసుకపోనీకి, సాయంత్రం మల్ల పోవాల. ఈ ఒగరోజుకు ఆఫీసులో సెలవు చెప్పి, మోటారు ఎయ్యమని గంగన్నను బతిమాలుకోని వచ్చినా. ఆఫీసు పని మిద్దె మీద, గొడుగు ఏసుకోని. కరెంటు వస్తానే కింద నుంచి మామ "అల్లుడా" అంటాడు. నేను లేస్తా, పోతా, పచ్చ బటను నొక్కుతా. ఈ మధ్య కొంచెం సేపు పట్టుకుంటాండా గూడా, ఎందుకైనా మంచిదని. మామ మాత్రం మంచం దిగడం లేదు, పిందె నిలబడింది. చెప్పిన మాట చెల్లినట్టే.

ఈ పొద్దున బయల్దేరే ముందర సంగటి పెడ్తా అత్త అడిగింది.

"కరెంటు వస్తే పోయేవాడివి నువ్వు ఒగడివే గదా. నీకు జొరమొస్తే ఎట్ల అల్లుడా?"

"ఏమీ రాదులే అత్తా," అన్నా. ఆ టూల్‌కిట్ ఆయప్ప గురించి గూడా అట్లే చెప్పింటి.